అంకెలు పలకని కొట్టు

మా కొట్టులో చెప్పులతో తిరగొచ్చు, కాళ్లు బారజాపుకుని కూర్చోవచ్చు, గిట్టనివాణ్ని నోరారా తిట్టుకోవచ్చు. అంకె మాత్రం పైకి పలకకూడదు. తాతయ్య బల్ల ముందు కూర్చుని రాగితీగ చుడుతున్నంత సేపూ అదొక్కటే చట్టం.

మాది కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే కొట్టు. మోటారు పొట్టలో మాడిపోయిన పాత తీగ లాగేసి, కొత్త తీగని చుట్టలుగా చుట్టి, గాడుల్లో కూర్చి, దారంతో కుట్టేసి, వార్నిష్ పోసి ఆరబెట్టి పంపుతాం. ఏ మోటారుకి ఎన్ని చుట్లు ఉండాలో అన్నే ఉండాలి. తాతయ్య చెక్క అచ్చు బిగించి, కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో తీగ బిగువు చూసుకుంటూ, లెక్క మనసులో పెట్టుకునేవారు. మధ్యలో పక్కనెవరో "ముప్పై" అన్నారంటే ఆయన లెక్క ఆ ముప్పై వెంట పోయేది, సంతలో తప్పిపోయిన దూడ కనబడ్డ ఆవు వెంటల్లా పోయినట్టు.

అందుకని మా కొట్టులో టైమెంతయిందని అడిగితే "ఎండ గడప దాటింది" అనో, "బడి వదిలే వేళయింది" అనో చెప్పేవాళ్లం. ఫోన్ నంబర్లు పలక మీద రాసి చూపించాలి. మోటారు ఎన్ని హెచ్‌పీ అంటే వేళ్లెత్తాలి. ఒకాయన పన్నెండున్నర చూపించబోయి, ఉన్న వేళ్లు చాలక, పక్కవాడి చెయ్యి అరువు పుచ్చుకుని, అర కోసం అతని వేలు సగానికి మడిచాడు. ఆ వేలు వారం రోజులు వాచిందని చెప్పుకునేవాళ్లు.

ఈ చట్టం నాకొక్కదానికే లేదు. నాకు నాలుగేళ్లప్పుడు, అంకెలు నేర్చుకుంటూ తాతయ్య మోకాలి దగ్గర కూర్చుని పైకి చదివేదాన్నట. ప్రతి తొమ్మిది దగ్గరా బండి ఆగిపోయేది. "ముప్పై తొమ్మిది... తాతయ్యా, ముప్పై తొమ్మిది..." అని ప్యాంటు పట్టుకు లాగితే, ఆయన పిడి ఆపి, "నలభై" అని అందించి, అప్పటిదాకా చుట్టిందంతా విప్పేసి మళ్లీ మొదలుపెట్టేవారట. ఒక్కరోజు కూడా విసుక్కోలేదట. ఇది ఆయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. "నువ్వు వందదాకా నేర్చుకునేసరికి ఊళ్లో సగం మోటార్లు ఆలస్యమయ్యాయి. అదే నేను పక్కగదిలో గరిటె చప్పుడు చేస్తే ఇక్కడికి అరుపు వినబడేది," అని.

ఆ వేసవిలో నా డిగ్రీ ఆఖరి పరీక్షలయిపోయి ఇంటికొచ్చి కూర్చున్నాను. ఫలితాలు రావాలి. ఈలోగా చేసేది లేక, కొట్టుకి టీ మోసుకెళ్లడం, ఎవరి మోటారు ఏదో చీటీలు కట్టడం చేస్తుండేదాన్ని. ఇల్లు వెనక, కొట్టు ముందు, మధ్యన ఒక తలుపు. ఆ తలుపుకి తలుపు రంగు పోయి వార్నిష్ రంగు పట్టేసి ఎన్నాళ్లయిందో.

అలాంటి వేసవి నేను మళ్లీ చూడలేదు. బావుల్లో నీళ్లు అడుక్కి దిగిపోయాయి. మోటార్లు నీళ్లందక గాలి పీల్చి పీల్చి మాడిపోతున్నాయి. కొట్టు ముందు గోడ వారన అవి వరసగా, ఆసుపత్రి బయట జనం కూర్చున్నట్టు కూర్చుని ఉండేవి. మాడిన తీగ కంపు దిండ్లలోకి, అన్నంలోకి, జుట్టులోకి ఎక్కింది. తెల్లారి లేస్తే మా నలుగురి మొహాలూ ఒక్కలాగే ఉండేవి, నిద్రపోయి లేచినట్టు కాకుండా నిద్ర ఎవరో లాక్కుపోయినట్టు.

నాన్నకప్పటికి యాభై దాటాయి. తాతయ్య పెద్ద మేస్త్రీ కాబట్టి నాన్న ఊరందరికీ చిన్న మేస్త్రీ. జుట్టు నెరిసినా ఆ చిన్నతనం పోలేదు. పాత తీగ లాగడం, గాడులు గీకడం, బిగింపులు, బేరింగులు, బరువులెత్తడం ఆయన వంతు. చుట్టడం తాతయ్య వంతు. ఐదేళ్ల కిందట నాన్న చుట్టే మిషనొకటి కొన్నాడు. పిడి తిప్పుతుంటే దాని నెత్తిన మీటరు టకటకమంటూ లెక్క చూపిస్తుంది. తాతయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుంది. లెక్క రానివాడికి పనికొస్తుంది," అన్నారు. అంతే, దాని మీద గుడ్డ పడింది. ఎప్పుడైనా పని మీదపడి నాన్న గుడ్డ తీస్తే తాతయ్య ఊరుకునేవారు కాదు. కావాలని గొంతెత్తి, "పదిహేడు! అరవై మూడు! తొంభై!" అని వీధి చివరికి వినబడేలా అరిచేవారు. "ఏం, నీకేం నష్టం? అది లెక్కపెడుతుందిగా. దానికి చెవుల్లేవుగా," అనేవారు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నాన్న కూడా నవ్వేవాడు. రెండుమూడుసార్లు నవ్వాక మళ్లీ గుడ్డ కప్పేసేవాడు.

నడి వేసవిలో తోటాయన వచ్చాడు. ఊరి బయట రెండేళ్ల కిందట పండ్లమొక్కలు పెట్టుకున్న మనిషి. ఎండకి మాడి మాడి ఆయనా మొక్కలాగే ఉండేవాడు. మోటారు చక్రాల బండి మీద తోసుకొచ్చి, "పెద్ద మేస్త్రీ, నాకు వరస గిరస చెప్పొద్దు. మొక్కలు రెండేళ్ల పిల్లలు, దాహానికి ఆగవు," అన్నాడు.

"ఆగకపోతే ఇక్కడికి పట్టుకురా, మా మనవరాలు టీ పోస్తుంది," అన్నారు తాతయ్య. కానీ వరస తప్పించి ఆ మోటారే ముందు బల్ల మీదకి తీసుకున్నారు.

రెండో రోజు సాయంత్రానికి మోటారు సిద్ధమయింది. కరెంటు మాత్రం రాలేదు. తిప్పి చూడకుండా ఏ మోటారూ గడప దాటనివ్వడు నాన్న. తోటాయన నిలబడలేదు. "మీ చేతి మోటారుకి పరీక్షేంటి పెద్ద మేస్త్రీ! మీ అబ్బాయికి నమ్మకం లేకపోతే నాకుంది," అని బండిలో వేసుకుపోయాడు. తాతయ్య నాన్న వైపు చూసి, "విన్నావా?" అన్నట్టు కనుబొమలెగరేశారు.

ఐదో రోజు మధ్యాహ్నం అదే మోటారు అదే బండిలో తిరిగొచ్చింది. తాతయ్య లోపల నిద్రపోతున్నారు. భోజనమయ్యాక గంటసేపు ఆయన పడుకునేవారు, ఆ గంట ఇంట్లో ఈగ కూడా గోడ మీద ఆగేది. నాన్న మూత విప్పాడు. కంపు చూస్తే నాకే తెలిసింది, మాడిపోయిందని.

తోటాయన తిట్టలేదు. అదే కష్టంగా ఉంది. గడప మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బిందెలతో మోస్తున్నాం. నేనూ మా ఆవిడా. అటు చివరికి చేరేసరికి ఇటు చివర వాడిపోతున్నాయి," అన్నాడు.

"వోల్టేజీ బాగా పడిపోతోంది బాబాయ్. దాని దెబ్బే అయి ఉంటుంది," అన్నాడు నాన్న, తలెత్తకుండా.

"ఆ సంగతి నా మొక్కలకి చెప్పు," అన్నాడు తోటాయన లేస్తూ. "ఎల్లుండి దాకా ఎలాగో మోస్తాం. ఆ తర్వాత మా చేతులూ ఉండవు, అవీ ఉండవు."

ఆయన వెళ్లాక నాన్న కుట్టిన దారం కోసి, ఉలితో ఒకవైపు తెగ్గొట్టి, తీగ లాగడం మొదలుపెట్టాడు. మూడో చుట్ట దగ్గర ఆగాడు. తెగిన తీగల కట్టని అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్క పోగూ వేలితో పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. నా చేతికిచ్చి, "నువ్వు చూడు," అన్నాడు.

చూశాను. ఒక్కో చుట్టకీ యాభై ఆరు ఉండాలి. దీనికి నలభై ఆరున్నాయి.

పలక తీసి రాసి చూపించాను. తాతయ్య చుట్టడం లేదు, నిద్రపోతున్నారు, అయినా చెయ్యి పలక మీదకే పోయింది. నాన్న చూసి అరచేత్తో తుడిచేశాడు.

"ముప్పై తొమ్మిది తర్వాత యాభై అనుకున్నట్టున్నారు," అన్నాడు నెమ్మదిగా. "ఒకటో రెండో తప్పితే చెయ్యి జారిందనుకోవచ్చు. పదికి పది ఎగిరిపోయాయి."

అప్పుడు గుర్తొచ్చాయి నాకు. తాతయ్య పొద్దున రెండుసార్లు మందు వేసుకోబోవడం. నన్ను కాలేజీకి టైమవలేదా అని అడగడం. ఎండదెబ్బ, వయసు, నిద్ర చాలక అనుకుంటూ వచ్చాం. ఇంట్లో తప్పితే సర్దుకుపోతాం. ఈ తప్పు ఒకడి తోటలోకి వెళ్లి కూర్చుంది.

అమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "చెప్పండి మరి ఆయనకి," అంది.

"ఏమని చెప్పను? ఆయన దగ్గర నేర్చుకున్న లెక్కతో ఆయన లెక్కే తప్పని చెప్పనా?"

"మీరు చెప్పకపోతే ఇంకో మోటారు చెబుతుంది."

"ఈసారికి నేనే మిషన్ మీద చుట్టి ఇచ్చేస్తా. ఆయన లేచేలోపు దీన్ని వెనక పెట్టేస్తా. తర్వాత చూద్దాం."

"తండ్రీ కొడుకులిద్దరూ ఇద్దరే. మాట చెప్పమంటే మూట మోయమన్నట్టు చూస్తారు," అని అమ్మ లోపలికి పోయింది.

నాన్న మోటారుని వెనక వసారాలో గోనెసంచుల కింద పెట్టాడు. లాగిన తీగని డబ్బాలో పడేసి, నేలంతా ఊడ్చి, ఊడ్చిందాన్ని చెత్తబుట్టలో పోశాడు. నేనూ సాయం చేశాను. యాభై ఏళ్లు దాటిన మనిషి, ఇరవై ఏళ్ల పిల్ల, పింగాణీ పగలగొట్టిన పిల్లల్లా గుసగుసలాడుకుంటూ ఊడ్చాం. ఒక్కటి మర్చిపోయాం. కుట్టుదారం.

చుట్టలన్నీ గాడుల్లో కూర్చాక దారంతో కట్టేటప్పుడు ఎవరి ముడి వాళ్లది. దస్తూరీ లాంటిది. తాతయ్య ముడి రెండు మెలికలు తిరిగి, కొస లోపలికి పోయేది. చిన్నప్పుడు నా బడిసంచీ పట్టీలు, నా జడకుచ్చులు, చివరికి అన్నం క్యారేజీ కూడా ఆ ముడితోనే కట్టేవారు. బళ్లో టీచరు విప్పలేక కత్తెర తెప్పించిన రోజులున్నాయి.

తాతయ్య లేచి, మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని కొట్టులోకొచ్చారు. నాన్న బేరింగులు కొనడానికి బజారుకి వెళ్లాడు. నేను టీ తెచ్చేసరికి తాతయ్య చెత్తబుట్ట మీదకి వంగి ఉన్నారు. తన ముడి ఉన్న రెండువేళ్ల పొడుగు దారం ముక్కని వెలుతురులోకి పట్టుకుని చూస్తున్నారు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆయన బుట్ట వదిలి డబ్బా దగ్గరికెళ్లారు. తీగల కట్టలు ఒక్కొక్కటే తీసి, తూచినట్టు చేతిలో ఆడించి, పక్కన పెడుతున్నారు. మూడోది పక్కన పెట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుని పోగులు జరపడం మొదలుపెట్టారు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారి పెట్టేటప్పుడు ఒక్కొక్క పోగునీ నేల మీద విడివిడిగా పేర్చారు, చిన్నపిల్లలు పుల్లలతో లెక్కలు చేసినట్టు.

తర్వాత అన్నీ ఏరి, కట్ట కట్టి, డబ్బాలో ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టారు. నేను రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు చప్పుడు చేసుకుంటూ మళ్లీ వచ్చాను.

టీ తాగి, గ్లాసు ఇస్తూ, "పంచదార ఎక్కువేశావే దొరసానీ," అన్నారు. నేను అసలు వెయ్యనే లేదు.

ఆ రాత్రి ఎవరం ఏమీ మాట్లాడలేదు. అలవాటే మాకు. ఏళ్ల తరబడి అంకెలు మింగి మింగి, చెప్పాల్సిన మాటలు కూడా మింగడం వచ్చేసింది.

తెల్లారి నాన్న మిషన్ మీద గుడ్డ తీయబోతుంటే తాతయ్య బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. అచ్చు బిగించుకున్నారు.

"వెనక గోనెసంచుల కింద తోటాయన మోటారుంది. తీసుకురా," అన్నారు.

నాన్న చెయ్యి గుడ్డ మీదే ఉండిపోయింది. "మీకు... ఎవరు చెప్పారు?"

"నా ముడి నాకు తెలీదట్రా?"

"నాన్నా, దాన్ని నేను చుట్టేస్తాలే. మీరు ఆ చిన్న మోటారు చూడండి. అర్జెంటుది..."

"పోయింది నా చేతిలో. రావాల్సింది నా చేతిలోంచే." గొంతు పెంచలేదు. "నువ్వు గాడులు గీకి ఇవ్వు, చాలు." తర్వాత నా వైపు చూడకుండానే, "దొరసానీ, ఆ స్టూలు ఇలా లాక్కో. పక్కన కూర్చో. ఊరికే," అన్నారు.

కూర్చున్నాను. ఇరవై ఏళ్లొచ్చాక ఆ మోకాలి పక్కన కూర్చోవడం అదే మొదలు. పొద్దుటిపూటే గాలి వేడెక్కింది. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ, మాకోసం కాదు, దానికోసం తిరుగుతున్నట్టుంది. అవతల మూల నాన్న గాడులు గీకుతున్న చప్పుడు గరగరమని వస్తోంది.

తాతయ్య పిడి తిప్పడం మొదలుపెట్టారు. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు. ఆయన చేతులకి ఏ మరుపూ లేదు. ఎడమ బొటనవేలు మీద తీగ రాసుకుపోయి రాసుకుపోయి చిన్న గాడి పడింది, ఆ గాడిలోంచే కొత్త తీగ మెరుస్తూ జారుతోంది. చుట్టు పక్కన చుట్టు, కొలిచినట్టు. ముప్పై ఐదు. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది.

పిడి ఆగింది.

ఆయన తీగ వదల్లేదు. కళ్లు అచ్చు మీదే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. నాకు తెలుసు, ఆయనకి తెలుసు నాకు తెలుసని. చివరికి, బల్లతో చెబుతున్నట్టు, పైకే అన్నారు:

"ముప్పై తొమ్మిది."

అవతల గరగర ఆగిపోయింది.

"నలభై," అన్నాను.

"ఆఁ, నలభై," అన్నారు తాతయ్య. పిడి తిరిగింది. కాసేపటికి అవతల గరగర కూడా మొదలయింది, ఇందాకటికంటే గట్టిగా.

పద్దెనిమిది చుట్టలు. మొదటి నాలుగింటిలోనూ అక్కడే ఆగారు. ఐదోదాంట్లో ఆగకుండా దాటేసి, దాటాక నా వైపు తిరిగి కన్ను గీటారు, గోడ దూకిన పిల్లాడిలా. ఆరోదాంట్లో మళ్లీ ఆగారు. అమ్మ టీ తెచ్చి, బల్ల దగ్గర అంకెలు వినబడుతుంటే గడప మీదే నిలబడిపోయింది. గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టి, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లింది. మధ్యాహ్నం ఆయన పడుకోలేదు. పదో చుట్టకి వచ్చేసరికి అడగడం కూడా మానేశారు. చెయ్యి ఆగేది. నేను "నలభై" అనేదాన్ని. చెయ్యి కదిలేది.

పద్నాలుగో చుట్ట అయ్యాక తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "అన్నీ ఉన్నాయే లోపల," అన్నారు. "ఇరవైలున్నాయి, ముప్పైలున్నాయి. యాభైలు నన్ను చూసి పలకరిస్తున్నాయి. ఆ నలభైల ఇంటికే తాళం. ఎవడు వేశాడో, తాళంచెవి ఎవడి జేబులో ఉందో."

"నా దగ్గరుంది తాతయ్యా."

"ఉంటుంది మరి. చిన్నప్పుడు నా దగ్గర్నుంచి కాజేసిందానివి నువ్వేగా," అని నవ్వారు. నవ్వు సగంలోనే అలిసిపోయింది. "కానియ్, ఇంకో నాలుగు."

నేను తల వంచుకున్నాను. ప్రతి తొమ్మిది దగ్గరా ఆగిపోయి, ప్యాంటు పట్టుకు లాగితే, ఈయన ఎంత విప్పారో, ఎంత మళ్లీ చుట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు.

మర్నాడు వార్నిష్ ఆరింది. కరెంటు వచ్చింది. నాన్న మోటారు బిగించి తిప్పాడు. మోటారులోకి వెళ్లే మూడు తీగల మీదా ఒక్కొక్కదాని మీద కరెంటు కొలిచే మీటరు పెట్టి చూశాడు. నోటితో ఏమీ చెప్పకుండా మీటరు మొహం తాతయ్య వైపు తిప్పాడు. మూడూ సమానం. తాతయ్య చూడలేదు. అరచెయ్యి మోటారు వీపు మీద ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు ఉన్నారు, జ్వరం చూసినట్టు. "తీసుకెళ్లమను," అన్నారు.

తోటాయన బండిలోకి ఎక్కిస్తూ, "ఈసారి వోల్టేజీ దారికొచ్చిందా మేస్త్రీ?" అన్నాడు. వెటకారమో, మామూలుగానో.

నాన్న నోరు తెరిచాడు. ఈలోపే తాతయ్య అన్నారు, "వోల్టేజీ కాదయ్యా. నా చేతిలో తప్పు జరిగింది. ఒక చుట్టలో తక్కువ చుట్టాను. మావాడు నా మొహం చూసి చెప్పలేదు."

తోటాయన బండి పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాన్న పక్కకి తిరిగి స్పానర్లు సర్దుతున్నాడు, సర్దిన స్పానర్లనే మళ్లీ.

"మొక్కలు ఎన్ని పోయాయి?" అని అడిగారు తాతయ్య.

ఆయన చుట్టడం లేదు. బల్ల మీద ఏమీ లేదు. అయినా ఆ మనిషి నోటితో చెప్పలేదు. రెండు చేతులూ తెరిచి, మూసి, తెరిచి, మూసి, తెరిచాడు. మూడుసార్లు. తర్వాత, "మిగతావి ఉన్నాయిగా పెద్ద మేస్త్రీ," అని బండి తోసుకుంటూ పోయాడు.

ఆ తర్వాతి పొద్దున తాతయ్య తన బల్ల దాటుకుని, నాన్న కూర్చునే మూలకెళ్లి, నేల మీద గోనెసంచీ పరుచుకుని, సుత్తీ ఉలీ ముందేసుకుని కూర్చున్నారు. ఆ పని కొత్తగా నేర్చుకునేవాళ్లది. పాత తీగ తెగ్గొట్టి లాగడం. నాన్న చూసి, "అక్కడేంటి నాన్నా, నడుం పట్టేస్తుంది, లేవండి," అన్నాడు.

"నీ నడుం పట్టేస్తే ఎవడూ లేపలేదుగా ఇన్నాళ్లూ," అన్నారు తాతయ్య. "లాగడానికి లెక్కక్కర్లేదురా. ఎంతుందో అంతా లాగడమే. హాయి." రెండు దెబ్బలు వేశాక తలెత్తకుండా మళ్లీ, "ఆ మిషన్ ఎందుకక్కడ, ఎలకలకి ఎక్కాలు నేర్పుతోందా? తీసుకెళ్లి బల్ల మీద పెట్టు," అన్నారు.

నాన్న వెంటనే పెట్టలేదు. రెండు రోజులు నేల మీదే పెట్టుకుని చుట్టాడు. బల్ల ఖాళీగా ఉంది. దాని మీద ఎవరూ టీ గ్లాసు కూడా పెట్టలేదు. మూడో రోజు అమ్మే విసుక్కుని, "నాకు ఊడవడానికి అడ్డం," అని మిషన్ ఒక పక్క పట్టుకుంటే, రెండో పక్క నాన్న పట్టక తప్పలేదు.

నా ఫలితాలొచ్చాయి. పాసయ్యాను. మార్కులెన్నని తాతయ్య అడిగితే పలక తెచ్చి రాశాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది తుడవకు," అన్నారు. చాన్నాళ్లు ఆ పలక గోడకి అలాగే ఉంది. నాలుగు చినుకులు పడ్డాక ఎండ కొంచెం తగ్గింది, మోటార్ల వరస తగ్గింది. మాలో ఎవరి అలసటా తగ్గలేదు. వేసవంతా నిలబెట్టిన ఒళ్లు అప్పుడే కూర్చుంది.

తాతయ్య ఆ తర్వాత రెండు వేసవులున్నారు. ఇరవైల ఇంటికీ తాళం పడింది, తర్వాత వీధికే పడింది. ఆఖరికి నన్ను నా పేరుతో కాదు, దొరసానీ అని కూడా కాదు, ఊరికే చెయ్యి చాపి పిలిచేవారు. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ రోజులు రావు. ఆ సంవత్సరం వానల మొదట్లో ఒక సాయంత్రం వస్తుంది.

సన్నగా చినుకు పడుతోంది. నాన్న బల్ల ముందు మిషన్ మీద చుడుతున్నాడు. మీటరు టకటకమంటోంది. తాతయ్య మూలన ఉలి దించి, గోడకి వీపు ఆన్చి కూర్చున్నారు. నేను చీటీలు కడుతున్నాను. తడిసిన తల తుడుచుకుంటూ ఒకాయన లోపలికొచ్చి, మా కొట్టు అలవాటు తెలియని మనిషి, గట్టిగా, "చిన్న మేస్త్రీ! నా మోటారుకి రేపు ఎన్నింటికి రమ్మంటావు? పదింటికా, పదకొండింటికా?" అన్నాడు.

నేను నవ్వాపుకుంటూ తాతయ్య వైపు చూశాను. ఇప్పుడు మొదలుపెడతారు, పదిహేడు, అరవై మూడు, తొంభై అని.

తాతయ్య చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నారు. ఆ వచ్చినాయన్ని దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు బాగా తగ్గించి, "నెమ్మదయ్యా," అన్నారు. "మేస్త్రీ చుట్టలో ఉన్నాడు."

రెండు చేతులూ ఎత్తి పది వేళ్లు చూపించారు. కాస్త ఆలోచించి, చేతులు దించి, ఎందుకైనా మంచిదని ఇంకో వేలు ఎత్తారు. ఆ మనిషి అర్థమయ్యీ కాక తలూపి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

మీటరు టకటకమంటూనే ఉంది. నాన్న వెనక్కి తిరగలేదు. మీటరు వైపూ చూడటం లేదు. తల బల్ల మీదకి బాగా వంచేసుకున్నాడు. పక్కనించి చూస్తే పెదాలు మాత్రం కదులుతున్నాయి.